పిల్లికూతలు, పాల సీసా, ఐరన్: ఆరో నెల నుంచి రెండేళ్ల దాకా పిల్లలకి ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

మా బాబుకి 14వ నెలలో పిల్లికూతలు వచ్చి మూడోసారి నెబ్యులైజర్ పెట్టించడానికి తీసుకెళ్లినప్పుడు, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వాడి ఛాతీ విన్నాక కింది కనురెప్ప లాగి చూసి "రోజుకి పాలు ఎన్ని తాగుతాడమ్మా?" అని అడిగారు. లీటరు దాకా తాగుతాడు, అన్నం మాత్రం ముట్టడు, ముద్ద పెడితే ఉమ్మేస్తాడు, అందుకే సీసా పడుతున్నాం అని చెప్పాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.9 వచ్చింది. ఇంటికొచ్చిన వాళ్లంతా బాబు ఎంత తెల్లగా ఉన్నాడో అని మెచ్చుకునేవారు. ఆ తెలుపు ఒంటి రంగు కాదని, ఒంట్లో రక్తం లేకపోవడమని ఆ రోజు దాకా నాకు తెలియలేదు.

అప్పటి నుంచి చదివినవి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి, మా వంటింట్లో చేసి చూసినవి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఒక్క మాటే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుంచుకోండి: ఆరు నెలలు నిండాక బిడ్డ కడుపుని పాలతో నింపేయకండి, ఐరన్ ఉన్న ముద్దకి చోటు వదలండి.

ఐరన్‌కీ ఆస్తమాకీ సంబంధం ఏంటి

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ చుట్టుపక్కల 1990ల మొదట్లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది, అందులో పుట్టినప్పుడు బొడ్డుతాడులో ఐరన్ ఎక్కువ ఉన్న పిల్లల్లో రెండేళ్లు దాటాక మొదలయ్యే పిల్లికూతలు తక్కువ కనిపించాయి. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రక్తహీనత ఉంటే పిల్లలకి పిల్లికూతలు ఎక్కువని అమెరికాలోనూ, తల్లి ఐరన్ నిల్వలు తక్కువైతే అలాగే అని స్కాట్లాండ్‌లోనూ తేలింది. ఐరన్ తగ్గిన ఒంట్లో రోగనిరోధక కణాలు అలర్జీ వైపు మొగ్గుతాయని వియన్నా పరిశోధకులు ల్యాబులో చూపించారు. కానీ ఇవేవీ ఐరన్ ఇస్తే ఆస్తమా రాదని నిరూపించినవి కావు. ఐరన్ తగ్గడం, పిల్లికూతలు రెండూ కలిసి కనిపిస్తున్నాయి, అంతవరకే. ఐరన్ సిరప్ ఆస్తమా మందు కాదు, ఆ ఆశతో ఎవరూ ఇన్‌హేలర్ ఆపకూడదు.

మరి ఎందుకు పట్టించుకోవాలి? ఆస్తమా సంగతి ఎలా ఉన్నా, ఈ వయసులో ఐరన్ లోపం వస్తే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, రక్తం తక్కువున్న పిల్లాడికి జలుబు చేసి ఛాతీ పట్టేస్తే ఆయాసం కూడా త్వరగా ముదురుతుంది. మన దగ్గర ఇది ఎక్కడో ఒకరిద్దరికి ఉన్న సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో నూటికి 70 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 మందికి ఉంది. అంటే మీ వీధిలో పిల్లల్ని లెక్కపెడితే రక్తం సరిపడా ఉన్నవాళ్లే తక్కువ.

కాన్పుకి ముందే అడగాల్సినవి

ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్ మాత్రలు మానకండి. వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోండి, అయినా పడకపోతే మార్చమని అడగండి, అంతేగానీ డబ్బా అలమరాలో పెట్టి మర్చిపోవద్దు. బిడ్డ మొదటి ఐదారు నెలలు వాడుకునే ఐరన్ చాలావరకు పుట్టేటప్పుడు మీ నుంచి తెచ్చుకున్న నిల్వే.

రెండోది, తొమ్మిదో నెల చెకప్‌లో "బొడ్డుతాడు ఒక నిమిషం ఆగాక కత్తిరిస్తారా?" అని అడగండి. బిడ్డ పుట్టాక ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలో ఉన్న రక్తం బిడ్డకి చేరుతుంది, ఐరన్ నిల్వ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇదే. సిజేరియన్ అయినా తల్లీబిడ్డా బాగుంటే ఇలా ఆగొచ్చు.

మూడోది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. నాది సిజేరియన్. అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే కాబట్టి నా కథ చాలామంది కథ. ఆపరేషన్ అయిన రోజే "అమ్మకి పాలు రావట్లేదు" అంటూ నన్ను అడగకుండానే బాబుకి డబ్బా పాలు పట్టారు. జపాన్‌లో 312 మంది పసిపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఆస్తమా, అలర్జీ ఉన్న కుటుంబాల పిల్లలు వాళ్లు. పుట్టిన మొదటి మూడు రోజులు ఆవుపాలతో చేసిన మామూలు డబ్బా పాలు తగలనివ్వని పిల్లల్లో పాల అలర్జీ తగ్గింది, తర్వాత గమనిస్తే ఆస్తమా, మళ్లీ మళ్లీ వచ్చే పిల్లికూతలు కూడా తగ్గాయి. ఒక్క ప్రయోగమే, నిజమే. కానీ మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాడే అయినా బిడ్డకి అవే చాలు కాబట్టి, అవసరం లేకుండా డబ్బా తెరవొద్దని ముందే చెప్పి పెట్టుకోండి, పక్కన ఉండే అమ్మకో అత్తమ్మకో కూడా చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ టైంలో మీరు మాట్లాడే స్థితిలో ఉండకపోవచ్చు. బిడ్డకి షుగర్ పడిపోయిందనో, బరువు బాగా తగ్గిందనో డాక్టరు ఇమ్మంటే మాత్రం ఇవ్వాల్సిందే, అక్కడ వాదించకండి.

తల్లిపాలు ఇస్తే ఆస్తమా రాదని గ్యారంటీ ఉందా అంటే లేదు. బెలారస్‌లో 17 వేల మందికి పైగా తల్లీబిడ్డల్ని తీసుకుని చేసిన ప్రయోగంలో, తల్లిపాలు ఎక్కువకాలం ఇచ్చేలా ప్రోత్సహించినా ఆరున్నరేళ్ల వయసులో ఆస్తమా తగ్గలేదు. వేరే అధ్యయనాల్లో కొంత మేలు కనిపించింది. విరేచనాలు, న్యుమోనియా తగ్గుతాయన్నది మాత్రం ఖాయం, ఆ ఒక్క కారణం చాలు. పాలు రాక డబ్బా పాలతోనే పెంచిన తల్లులు "నా వల్లే ఆస్తమా వచ్చింది" అని కుమిలిపోవాల్సిన పని లేదు.

ఆరో నెల: ఉగ్గు నుంచి ముద్ద దాకా

తల్లిపాలలో ఐరన్ చాలా కొంచెం. ఉన్నది బాగా ఒంటికి పడుతుంది కానీ ఆరు నెలల తర్వాత సరిపోదు. ఇక్కడ చాలామంది పొరబడతారు, తల్లి ఐరన్ మాత్ర వేసుకుంటే, తోటకూర తింటే పాలలో ఐరన్ పెరుగుతుందనుకుంటారు. తల్లి తినడం తల్లికి మంచిదే, పాలలో ఐరన్ మాత్రం దాంతో పెరగదు. బిడ్డ నోటికే అందాలి.

అన్నప్రాశన ముహూర్తం కోసం ఏడు, ఎనిమిది నెలల దాకా ఆగే ఇళ్లు ఉన్నాయి. 180 రోజులు నిండగానే తిండి మొదలుపెట్టండి. వేడుక తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. అలాగని మూడో నెలలో, నాలుగో నెలలో ఉగ్గు నాకించొద్దు. ఏడాది లోపు తేనె అస్సలు వద్దు, నాలుకకి రాయడానికి కూడా వద్దు, పసిపిల్లల ప్రాణానికే ముప్పు తెచ్చే సూక్ష్మజీవి అందులో ఉండొచ్చు.

మన ఇళ్లలో జరిగే అసలు తప్పు పలుచన. పప్పు మీద తేట, చారు నీళ్లు, గంజి, సగ్గుబియ్యం జావ, వీటితో పొట్ట నిండుతుంది గానీ ఒంటికి పట్టేది ఏమీ ఉండదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. మొదట్లో రెండు మూడు చెంచాలు, రోజుకి రెండు మూడుసార్లు, నెమ్మదిగా అరకప్పు దాకా. తొమ్మిదో నెలకి మెత్తగా చిదిమిన ముద్ద, రోజుకి మూడు నాలుగుసార్లు. ఏడాది నిండాక ఇంట్లో వండిందే కారం తగ్గించి, పూటకి ముప్పావు కప్పు నుంచి కప్పు.

ఏం పెట్టాలంటే, మాంసం తినే ఇల్లయితే సులువు. కోడి కార్జం ఒకటి కుక్కర్లో మెత్తగా ఉడికించి చిదిమి అన్నంలో కలపండి, వారానికి ఒకసారి చాలు, ఎక్కువైతే విటమిన్ ఏ ఎక్కువవుతుంది. మటన్ ఖీమా బాగా ఉడికించి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. సూప్ మాత్రమే పోసి ముక్క పెద్దవాళ్లు తినేస్తే లాభం లేదు, ఐరన్ ముక్కలోనే ఉంటుంది. ముళ్లు తీసిన చేప, గట్టిగా ఉడికిన గుడ్డు కూడా ఆరో నెల నుంచే పెట్టొచ్చు. మాంసంలోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది, కూరలు, పప్పుల్లోది చాలా తక్కువ పడుతుంది.

శాకాహారులకి కొంచెం పని ఎక్కువ, కానీ కుదురుతుంది. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలు వచ్చాక నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించండి. మొలకెత్తించడం ఎందుకంటే గింజల్లో ఐరన్‌ని పట్టి ఉంచే ఫైటేట్లు దాంతో తగ్గుతాయి. ఉలవలు నానబెట్టి ఉడికించి మెత్తగా చేసి పెట్టండి, ఉలవల్లో ఐరన్ బాగా ఉంటుంది. పెసరపప్పు, తోటకూర, మునగాకు, నువ్వుల పొడి అన్నీ మంచివే. కానీ వీటిలో దేనితోనైనా పులుపు తోడవ్వాలి, నాలుగు చుక్కల నిమ్మరసమో, టమాటానో, చిదిమిన జామపండు గుజ్జో. విటమిన్ సి తోడుంటే కూరల్లోని ఐరన్ రెండింతలు, మూడింతలు ఒంటికి పట్టొచ్చు. నిమ్మరసం దించాక పిండండి, మరుగుతున్నప్పుడు కాదు. పప్పు టమాటా ఇనుప మూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, నేను మా అమ్మ పాత మూకుడు అటక మీద నుంచి దింపి ఇప్పటికీ అదే వాడుతున్నాను. బెల్లంతో రక్తం పడుతుందన్న నమ్మకం మీద రోజూ బెల్లం పానకం పట్టొద్దు, పసిపిల్లలు తినే ఆ కాస్త బెల్లంలో ఉండే ఐరన్ ఏపాటి, పళ్లు మాత్రం పుచ్చిపోతాయి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం చాలామంది తెచ్చి మూలన పడేస్తారు, కొందరు గేదెలకి కూడా పెడతారు. అందులో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెరతో పాటు విటమిన్లు, ఖనిజాలు కలుస్తాయి. వేడినీళ్లలో చిక్కగా కలిపి పెట్టండి, పైన చక్కెర వేయాల్సిన పని లేదు.

పాల సీసా గురించి కొంచెం గట్టిగా

ఏడాది నిండే దాకా ఆవుపాలు, గేదెపాలు తాగడానికి ఇవ్వకండి. ఏడాది తర్వాత ఇచ్చినా రోజుకి అర లీటరు దాటనివ్వకండి. తల్లిపాలకి ఈ లెక్క లేదు, అవి రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వొచ్చు.

గేదెపాలు బలం కదా అంటారు. ఆ పాలలో ఐరన్ దాదాపు లేనట్టే. పైగా పాలలోని కాల్షియం, కేసిన్ అనే ప్రోటీన్ పక్కన తిన్న తిండిలోని ఐరన్‌ని కూడా ఒంటికి పట్టనివ్వవు. ఏడాది లోపు పిల్లల్లో ఆవుపాలు పేగుల్లోంచి కంటికి కనిపించనంత రక్తం కారేలా చేస్తాయి కూడా. వీటన్నిటికీ మించి లీటరు పాలు తాగిన పిల్లాడికి ఆకలి వేయదు. ఆకలి వేయని పిల్లాడు ముద్ద ఉమ్మేస్తాడు, ఉమ్మేశాడు కదా అని మళ్లీ సీసా పడతాం. మా ఇంట్లో ఎనిమిది నెలలు ఇదే జరిగింది.

మానిపించడం ఎలా అంటే, మేము మొదట రాత్రి సీసా తీసేశాం. నాలుగు రాత్రులు ఏడ్చాడు, అత్తమ్మ కూడా ఏడ్చింది, బిడ్డని ఆకలితో మాడుస్తున్నారని. ఐదో రోజు పొద్దున ఇడ్లీ ఒకటిన్నర తిన్నాడు. తర్వాత పగటి సీసాల్ని గ్లాసులోకి మార్చాం, గ్లాసులో సహజంగానే తక్కువ తాగుతారు. పాలు భోజనానికి ముందు కాకుండా రెండు గంటల తేడాతో ఇచ్చాం. మూడు వారాల్లో లీటరు నుంచి 400 మిల్లీలీటర్లకి వచ్చాడు. పాలలో టీ చుక్క కలిపి రంగు మార్చి ఇచ్చే అలవాటు ఉంటే అది ఈ రోజే మానండి, టీ ఐరన్‌ని కట్టిపడేస్తుంది.

గుడ్డు, పల్లీ, చేప: భయపడి ఆపొద్దు

ఇంట్లో ఆస్తమా ఉంటే గుడ్డు, పల్లీ, చేప రెండేళ్ల దాకా పెట్టొద్దని పాత సలహా, ఇప్పటికీ కొందరు చెబుతారు. లండన్‌లో 640 మంది పిల్లలతో చేసి 2015లో ప్రచురించిన ప్రయోగం దీన్ని తిరగేసింది. అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకే పసితనం నుంచి క్రమంగా పల్లీ పెడితే ఐదేళ్లకి పల్లీ అలర్జీ 80 శాతం దాకా తగ్గింది. ఫిన్లాండ్‌లో పిల్లల్ని గమనించినప్పుడు గోధుమ, చేప, గుడ్డు త్వరగా మొదలైన వాళ్లలో ఆస్తమా తక్కువ కనిపించింది. ఒక్కో కొత్త పదార్థాన్ని పగటి పూట, చెంచా మొనతో మొదలుపెట్టి మూడు రోజులు చూడండి. బిడ్డకి ఒళ్లంతా తీవ్రమైన ఎగ్జిమా (దురదతో ఎర్రబడి పొడిబారే చర్మ సమస్య) ఉంటే, లేదా ఏదైనా తిన్న వెంటనే మొహం వాచి ఉంటే, గుడ్డూ పల్లీ డాక్టరుని అడిగాకే.

పల్లీ అంటే గింజ కాదు, మెత్తటి ముద్ద అన్నంలో కలిపి. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి పల్లీలు, వేయించిన శనగలు, బఠానీలు, సీతాఫలం గింజలు ఇవ్వొద్దు. ఆటలో ఒక గింజ ఊపిరితిత్తిలోకి జారితే వచ్చే శబ్దం అచ్చం పిల్లికూతలాగే ఉంటుంది, ఆస్తమా అనుకుని వారాల తరబడి నెబ్యులైజర్ పెడుతూ ఉంటారు. బాగున్న బిడ్డకి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చి ఆ తర్వాత కూతలు మొదలైతే, అంతకుముందు ఏం తింటున్నాడో డాక్టరుకి తప్పక చెప్పండి.

పరీక్ష, సిరప్

కింది కనురెప్ప లోపల, అరచేతులు, నాలుక పాలిపోయి ఉన్నాయా చూడండి. మన్ను, సున్నం, బలపాలు తినడం చెడ్డ అలవాటని కొడతారు, అది ఐరన్ లోపానికి గుర్తు కావచ్చు, కొట్టకుండా పరీక్ష చేయించండి. రెండేళ్ల లోపు హిమోగ్లోబిన్ 10.5, రెండు నుంచి ఐదేళ్లకి 11 కంటే తగ్గితే రక్తహీనత. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ పరీక్ష రాస్తే జ్వరం, దగ్గు తగ్గాక చేయించడం మంచిది, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మేము మొదటిసారి జ్వరంలోనే చేయించి, మళ్లీ డబ్బులు కట్టాల్సి వచ్చింది.

రక్తహీనత లేకపోయినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సిరప్ ఉంది, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు. ఆశా అక్కని గానీ పీహెచ్‌సీలో గానీ అడగండి. ఏడాది దాటిన పిల్లలకి నులిపురుగుల మాత్ర కూడా అక్కడే ఇస్తారు, మామూలుగా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో. రక్తహీనత తేలిన వాళ్లకి రోజువారీ మోతాదు వేరు, అది బరువుని బట్టి డాక్టరు రాయాలి. పక్కింటి బాబుకి రాసిన సిరప్ మీ బాబుకి పోయకండి, ఒక్కో కంపెనీ సీసాలో ఐరన్ ఒక్కోలా ఉంటుంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి ఆరో నెల దాకా ఆగకుండా ముందే చుక్కల మందు కావాలి, ఎప్పటి నుంచో డిశ్చార్జ్ రోజే అడగండి.

సిరప్ పాలతో కలపొద్దు, పాలకి ముందో వెనకో కనీసం గంట తేడా ఉండాలి, బత్తాయి రసంతో అయితే మంచిది. పళ్లు నల్లబడకుండా నాలుక వెనక భాగంలో వేసి నీళ్లు పట్టండి. మలం నల్లగా వస్తుంది, టెన్షన్ పడకండి. నెల తర్వాత మళ్లీ పరీక్షలో కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరగలేదంటే మందు సరిగ్గా పడలేదా, పాలు తగ్గలేదా, లేక తలసేమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త సమస్య) లాంటిది ఉందా అని డాక్టరు చూడాలి. 11 దాటింది కదా అని మానేయకండి, నిల్వ నిండటానికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది. సిరప్ సీసా మాత్రం పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి, తియ్యగా ఉందని ఒక్కసారే తాగేస్తే ప్రాణం పోయేంత విషం అది.

పొగ ఆపకుండా తిండి ఒక్కటే చాలదు

స్నానం కాగానే బిడ్డకి సాంబ్రాణి పొగ పట్టడం మా ఇంట్లోనూ ఉండేది. మెత్తటి తువ్వాలుతో తల తుడిస్తే ఆరిపోతుంది, పొగ అక్కర్లేదు. దోమల కాయిల్, అగరుబత్తి, కట్టెల పొయ్యి, బీడీ, అన్నీ ఆ లేత ఊపిరితిత్తులకి ఒకటే. దోమతెర కట్టండి. ముక్కులో నూనె చుక్కలు వేయడం కూడా మానండి, అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తేవచ్చు. మా బాబుకి ఆ చలికాలం తర్వాత పిల్లికూతలు చాలా తగ్గాయి. అది ఐరన్ వల్లో, సాంబ్రాణి మానడం వల్లో, వయసు పెరగడం వల్లో నేను చెప్పలేను, మూడూ ఒకేసారి జరిగాయి.

ఇన్‌హేలర్ రాస్తే స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం), మాస్కుతో వాడండి. అలవాటైపోతుందన్న మాట నిజం కాదు, మందు నేరుగా ఊపిరితిత్తిలోకి వెళుతుంది కాబట్టి సిరప్ కంటే తక్కువ మోతాదు సరిపోతుంది. మృగశిర కార్తెకి హైదరాబాద్‌లో ఇచ్చే చేప మందుకి ఎంతో నమ్మకంతో దూరాల నుంచి పిల్లల్ని తెస్తారు. అది ఆస్తమా తగ్గిస్తుందని ఏ పరీక్షలోనూ రుజువు కాలేదు, పసిపిల్లాడి గొంతులో చేపపిల్ల అడ్డుపడే ముప్పు మాత్రం ఉంది. దాన్ని నమ్ముకుని రోజూ వాడే మందు ఆపొద్దు.

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం ఇంట్లో అందరూ నేర్చుకోండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, అంతకు చేరితే అదే రోజు డాక్టరుకి చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, పిలిస్తే పలక్కుండా మత్తుగా ఉన్నా ఇంట్లో ఆవిరి పడుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.